ఆ అరవై స్లైడ్లు పక్కనపెట్టు తల్లీ

నర్సులకి ట్రైనింగ్ ఇచ్చే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషం వేసింది. నువ్వు పంపిన స్లైడ్లు మొత్తం చూశా. బాగా కష్టపడ్డావు, అందులో తప్పేం లేదు, కానీ అరవై స్లైడ్లూ టీకా ఎలా పనిచేస్తుందనే దాని మీదే ఉన్నాయి, అది నీ నర్సులకి ఆల్రెడీ తెలుసు కదా. వాళ్ళకి రానిదల్లా ఎదురుగా బిడ్డని ఒళ్ళో పెట్టుకుని "నాకెందుకో భయంగా ఉందండీ" అనే తల్లితో ఎలా మాట్లాడాలన్నదే.

నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్తా విను. సర్వీసులో చేరిన కొత్తలో ఒకావిడ తట్టు టీకా ఇప్పుడొద్దు అంది, నేను ఆ టీకా వల్ల ఆటిజం వస్తుందన్న పుకారు విని ఉంటుందిలే అని నాకు నేనే అనుకుని పది నిమిషాలు వాయించేశా, ఆవిడ అన్నిటికీ తలూపి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. తర్వాతెప్పుడో తెలిసింది, వాళ్ళ పెద్దాడికి టీకా తర్వాత జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చాయంట. చూడ్డానికి గుండె ఆగినంత పనవుతుంది గానీ టీకా తర్వాత జ్వరం ఫిట్స్ రావడం అరుదు, దాదాపు అందరు పిల్లలూ ఏ లోటూ లేకుండా కోలుకుంటారు. ఈ ఒక్క ముక్క చెప్తే సరిపోయేది, కానీ నేను అడిగితే కదా!

అందుకే ముందు అడగడం నేర్పు. "ఏ విషయంలో భయంగా ఉంది?" అని అడిగి నోరు మూసుకోవాలి, ఆవిడ చెప్పింది మన మాటల్లో తిరిగి చెప్పాలి, "దీని గురించి నాకు తెలిసింది చెప్పనా?" అని పర్మిషన్ తీసుకుని అప్పుడు ఒక్క విషయం చెప్పాలి, ఒక్కటే, పది కాదు. దీన్ని మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు, పేరు పెద్దది గానీ పని ఇంతే.

ఇంకోటి, మాట మొదలుపెట్టే తీరు. "టీకా వేయించుకుంటారా?" అనడం వేరు, "ఈరోజు పాపకి రెండు టీకాలున్నాయి" అనడం వేరు. 2013లో అమెరికాలో డాక్టర్లు తల్లిదండ్రులతో మాట్లాడేది వీడియో తీసి చూస్తే, రెండోలా చెప్పినప్పుడు కాదనేవాళ్ళు బాగా తక్కువ. అయితే ఇది బలవంతానికి లైసెన్స్ అనుకునే నర్సులు ఉంటారు, జాగ్రత్త. తల్లి మొహంలో కొంచెం తటపటాయింపు కనపడినా అక్కడే ఆగి అడగాలి.

ట్రైనింగ్ మొదట్లో అందరికీ చీటీలివ్వు, పేర్లు లేకుండా వాళ్ళ సొంత అనుమానాలు రాయమను. నర్సులకి మాత్రం ఉండవా? లోపల డౌట్ పెట్టుకుని పైకి చెప్పే మాట తల్లులు ఇట్టే పసిగట్టేస్తారు. ఆటిజం చీటీ ఖచ్చితంగా వస్తుంది, అప్పుడు సూటిగా చెప్పు, 1998లో ఆ పుకారుకి మూలమైన బ్రిటన్ డాక్టర్ వేక్‌ఫీల్డ్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది 12 మంది పిల్లల మీద, 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, ఆయన డాక్టర్ రిజిస్ట్రేషన్ కూడా పోయింది, 2019లో డెన్మార్క్ వాళ్ళు ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లల రికార్డులు చూసినా ఆ టీకాకీ ఆటిజానికీ లింకు దొరకలేదు. తల్లుల ముందు మాత్రం ఈ లెక్కలన్నీ గుమ్మరించొద్దని చెప్పు.

సైడ్ ఎఫెక్ట్స్ అస్సలు దాచొద్దు. తట్టు టీకా తర్వాత వారం పది రోజులకి జ్వరం రావచ్చు, ముందే చెప్తే "ఆవిడ చెప్పినట్టే వచ్చింది" అంటారు, చెప్పకపోతే "చూశావా, ఏదో అయింది" అంటారు. జ్వరం అదే, నమ్మకమే తేడా. తెలియనిది అడిగితే "కనుక్కుని ఫోన్ చేస్తా" అనాలి, చేస్తానన్న ఫోన్ చేసి తీరాలి. సూది నొప్పి చిన్న విషయం అనుకోవద్దు, తల్లి ఒళ్ళో పాలు తాగుతుండగా వేస్తే బిడ్డ ఏడుపు తగ్గుతుంది, అది చూసిన తల్లి మళ్ళీ డోస్‌కి భయపడకుండా వస్తుంది.

మిగతా టైమంతా రోల్ ప్లే. ముగ్గురేసి కూర్చోబెట్టు, ఒకరు తల్లి, ఒకరు నర్సు, మూడో మనిషికి ఒకటే పని, నర్సు ఎంతసేపు మాట్లాడింది, తల్లి ఎంతసేపు మాట్లాడింది వాచీ చూసి రాయడం. మొదటిసారి ఆ లెక్క చూసి అందరూ సిగ్గుపడతారు, పడనీ. నెల తర్వాత ఒక గంట మళ్ళీ పిలువు, ఒక్క రోజు ట్రైనింగ్ పదిహేను రోజులకి ఆవిరైపోతుంది. ఎంత చెప్పినా వద్దనేవాళ్ళు ఉంటారు, వాళ్ళని విసుక్కోకుండా "ఎప్పుడైనా రండి, మళ్ళీ మాట్లాడుకుందాం" అని పంపడం కూడా ప్రాక్టీస్ చేయించు, ఎందుకంటే అలసిపోయిన రోజు ఆ మాట నోట్లోంచి రావడమే కష్టం.

డేట్ ఫిక్స్ అయ్యాక చెప్పు, నేనూ వస్తా. మొండి నాయనమ్మ వేషం మాత్రం నాకే ఇవ్వాలి.