ఆర్సీలో ఛాసిస్ నంబర్ తప్పుంటే బయానా ఇవ్వొచ్చా?

నల్లగొండలో ఒక పాత స్విఫ్ట్ నచ్చింది, ఆర్సీలో ఛాసిస్ నంబర్ ఒక అక్షరం తేడా ఉంది, బ్రోకరేమో "చిన్న మిస్టేకే, పేరు మార్చేటప్పుడు సరిచేయిద్దాం" అంటున్నాడు, బయానా ఇవ్వొచ్చా అని అడిగారు. ఇవ్వకండి. ఆ తప్పు అమ్మేవాళ్ల పేరు మీద ఉండగానే సరి కావాలి. దరఖాస్తు పెట్టాల్సింది రికార్డులో ఓనర్‌గా ఉన్న మనిషి. పైసలు చేతికందాక ఆయన మీ కోసం ఆర్టీఏ ఆఫీసుకు ఎందుకొస్తాడు?

ముందు తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోవాలి. పగటిపూట వెళ్లండి. టార్చి, పాత గుడ్డ, కొంచెం కిరోసిన్ గానీ డీజిల్ గానీ, తెల్ల కాగితం, మెత్తటి పెన్సిల్ తీసుకెళ్లండి. ఛాసిస్ నంబర్ కొన్ని మోడళ్లలో బానెట్ కింద, ఇంజన్ వెనక గోడ మీద కొట్టి ఉంటుంది. కొన్నింట్లో ముందు సీటు కింద కార్పెట్ ఎత్తితే కనిపిస్తుంది. జిడ్డు తుడిచి, కాగితం గట్టిగా అదిమి పట్టి, పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దండి. అచ్చు పడుతుంది. దాన్ని ఆర్సీ పక్కన పెట్టి చివరి అక్షరం నుంచి వెనక్కి ఒక్కొక్కటే చదవండి. ముందు నుంచి చదివితే కన్ను తనంతట తానే తప్పును సరిచేసుకుని ముందుకెళ్లిపోతుంది.

మొత్తం 17 ఉండాలి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఎక్కడా రావు. ఒకటితోనూ సున్నాతోనూ కలిసిపోతాయని వాటిని వాడరు. కాబట్టి ఆర్సీలో 'ఓ' కనిపిస్తే అది సున్నాకు బదులు పడ్డ టైపింగ్ తప్పే. 8కీ 'బీ'కీ, 5కీ 'ఎస్'కీ, 2కీ 'జెడ్'కీ మధ్య తేడా అయితే ఊహించొద్దు, పెన్సిల్ అచ్చులో ఏముంటే అదే. చాలా మారుతి బండ్లకు మొదటి మూడూ ఎంఏ3, హ్యుందాయ్‌కి ఎంఏఎల్, టాటాకు ఎంఏటీ. నంబర్ చుట్టూ కొత్త పెయింట్, గ్రైండర్ గీతలు, వెల్డింగ్ అతుకు ఉన్నా, అక్షరాల లోతు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా అక్కడే ఆ బేరం వదిలేయండి. అది కాయితాల తప్పు కాదు.

ఇప్పుడు ఆ అచ్చును మూడింటితో పోల్చండి: ఆర్టీఏ ఆన్‌లైన్ రికార్డు, ఇన్సూరెన్స్ పాలసీ, షోరూం ఇచ్చిన ఫారం 21 (అమ్మకం సర్టిఫికెట్). రికార్డు సరిగ్గా ఉండి కార్డు ఒక్కటే తప్పయితే కొత్త కార్డుతో తీరిపోతుంది. రికార్డు తప్పు, ఫారం 21 సరి అయితే ఓనర్ అసలు ఇన్వాయిస్, ఫారం 21, ఫారం 22 (బండి రోడ్డు మీదికి తగినదని కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) పట్టుకుని బండితో సహా వెళ్లాలి. ఇన్‌స్పెక్టర్ నంబర్ చూసి రాయాలి. ఫారం 21లోనే తప్పుంటే అన్నిటికన్నా ఎక్కువ టైం పట్టేది అదే. షోరూం లెటర్ ఇవ్వాలి, షోరూం మూతపడితే కంపెనీ నుంచి తెప్పించాలి. "ఒక్కరోజు పని" అనే బ్రోకర్ మాట ఇక్కడే తేలిపోతుంది. పాలసీలో కూడా అదే తప్పు దిగి ఉంటుంది కాబట్టి దాన్నీ ఎండార్స్‌మెంట్‌తో (పాలసీకి కలిపే సవరణ కాగితం) మార్పించాలి. లేకపోతే యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్ చూసే మొదటి తేడా అదే.

ఇంజన్ నంబర్ మొత్తం వేరేగా ఉంటే మరో సంగతి. ఇంజన్ మార్చి రికార్డులో ఎక్కించలేదేమో అడగండి, మార్చిన ఇంజన్ బిల్లు చూడండి. బిల్లు లేకపోతే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

తప్పు కానివాటికి భయపడేవాళ్లూ ఉన్నారు. ఏపీ 24, ఏపీ 22 నంబర్లు ఆంధ్ర బండ్లవి కావు, 2014కు ముందు నల్లగొండ, మహబూబ్‌నగర్‌లకు ఉన్నవే. తర్వాత టీఎస్ 05, టీఎస్ 06 అయ్యాయి, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. పాత ఆర్సీలో "సూర్యాపేట, నల్లగొండ జిల్లా" అని ఉన్నా తప్పు కాదు, 2016 అక్టోబర్ దాకా అది ఆ జిల్లాలోనే ఉంది.

గద్వాల, మక్తల్ వైపు కేఏ 36 రాయచూరు బండి తక్కువకు వస్తుందని తీసుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త. రికార్డులో తప్పుంటే, బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి ఆఫీసు ఇచ్చే ఫారం 28 ఎన్‌ఓసీలోనూ అదే తప్పు పడుతుంది. ఇక్కడ ఇన్‌స్పెక్షన్‌లో బండి మీది ఛాసిస్ నంబర్ కలవక మళ్లీ రాయచూరే పోవాలి. లైఫ్ ట్యాక్స్ ఇక్కడ విడిగా కట్టేది ఉండనే ఉంది.

అక్షరం తప్పుకన్నా నాకు కోపం తెప్పించేది ఖాళీ ఫారాలు. ఓనర్ సంతకాలతో పేరు మార్పుకు పెట్టే ఫారం 29, 30 తేదీ లేకుండా బ్రోకర్ సంచిలో ఉంటాయి. బండి ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది, రికార్డులో మాత్రం మొదటి మనిషే. ఇలాంటి బండికి నంబర్ సరిచేయాలంటే ఆ మొదటి మనిషి దొరకాలి. అమ్మేవాళ్లకూ ఇందులో ప్రమాదమే: పేరు మారనంత కాలం యాక్సిడెంట్ పరిహారం కేసులో రికార్డులో ఉన్న ఓనరే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం ప్రకారం రాష్ట్రంలోపలి అమ్మకాన్ని అమ్మినాయన 14 రోజుల్లో, కొన్నాయన 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. కాబట్టి ఆర్సీలో పేరున్న మనిషితోనే ఫోన్లో మాట్లాడండి, ఆధార్ చూడండి. లోన్ ఉంటే దాన్ని ఆర్సీలోంచి తీయించే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ ఒరిజినల్ కావాలి. ఎన్‌ఓసీ మీది తేదీ కూడా చూడండి, పాతబడితే మళ్లీ తెమ్మంటారు.

నంబర్ సరైందని రికార్డులో కనబడ్డాకే బయానా, పేరు మార్పు దరఖాస్తు పడ్డ రోజు మిగతా డబ్బు. రసీదులో ఇంజన్, ఛాసిస్ నంబర్లు పెన్సిల్ అచ్చు చూసి రాయించండి, ఆర్సీ చూసి కాదు. బండి అప్పగించిన తేదీతో పాటు గంట కూడా వేయించండి, ఆ రోజు పొద్దున పడ్డ చలాను ఎవరిదో తేలడానికి.