చూసినవాళ్ల చేత రాయించు

కర్నూలు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ, నాలుగు పేజీల ఉత్తరం అందాయి. కౌలు రైతు కాగితం మీద వేలిముద్ర వేసి, వేలికి అంటిన సిరాను తలవెంట్రుకలకు తుడుచుకున్నాడని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ముప్పై రెండేళ్లు ఇక్కడి కోర్టులో వకీలు గుమాస్తాగా పనిచేశాను. ఆ తుడుచుకోవడం ఎన్ని వందలసార్లు చూశానో. నా కథల్లో ఒక్కదాంట్లో కూడా రాయలేదు.

తర్వాత ఉత్తరం చదివాను. కోపం వచ్చింది. అందుకే ఇంత తొందరగా జవాబు రాస్తున్నాను.

అమెరికాలో లా చదవడానికి అప్లై చేస్తున్నావు. నువ్వు ఎంచుకున్న కాలేజీలకు రెండు సిఫార్సు ఉత్తరాలు కావాలి. ఒకటి డిగ్రీలో పాఠం చెప్పిన మేడమ్ ఇస్తానన్నారు కాబట్టి ఆ సంగతి తేలిపోయింది. రెండోది చదువుతో సంబంధం లేని మనిషి ఇవ్వాలి. మీ పెదనాన్న స్నేహితుడైన రిటైర్డ్ జడ్జి గారిని అడగాలా, అనంతపురంలో నువ్వు మూడేళ్లుగా పనిచేస్తున్న కౌలు రైతుల ఆఫీసును నడిపే అక్కను అడగాలా అన్నది నీ ప్రశ్న. జడ్జి గారి వైపే మొగ్గావు. కారణం కూడా రాశావు: "అక్కకు ఇంగ్లీషు అంతగా రాదు, పెద్ద పోస్టు కూడా కాదు." ఈ వాక్యం కింద ఎర్ర ఇంకుతో గీత గీశాను.

ఎందుకో చెప్తాను. నీ కథలోనూ ఇదే జరిగింది. జిల్లా నుంచి వచ్చిన పెద్ద లాయరుకు మూడు పేజీలు ఇచ్చావు. అతని కారు, కళ్లజోడు, మాటతీరు అన్నీ ఉన్నాయి. ఆఫీసు నడిపే మనిషి మాత్రం రెండు వాక్యాల్లో వచ్చి టీ ఇచ్చి పోయింది. ఆమెకు పేరు కూడా లేదు. కానీ ఆ కథలో జరిగిన పనంతా చేసింది ఆమే కదమ్మా!

నువ్వు చదవబోయేది లా. మన పాత సాక్ష్య చట్టం 1872 నాటిది. అందులో 60వ సెక్షన్ ఒకటుండేది. కంటితో చూసిన విషయమైతే చూశానన్నవాడే వచ్చి చెప్పాలి, చెవితో విన్నదైతే విన్నానన్నవాడే చెప్పాలి. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం అమల్లోకి వచ్చింది, నంబరు మారింది, ఈ సూత్రం మారలేదు. ఒక గట్టు తగాదాలో మా ఎదుటి పక్షం వాళ్లు ఊరి పెద్దమనిషిని సాక్ష్యానికి తెచ్చారు. ఇస్త్రీ బట్టలు, మెడలో కండువా. మా వకీలు గారు అడిగిందల్లా ఒక్కటే: ఆ గట్టు మీద ఉన్న చెట్టు ఏమిటి? ఆయన చెప్పలేకపోయాడు. మా తరఫున వచ్చింది గొర్రెలు కాసే మనిషి. రేగుచెట్టు, రెండు కొమ్మలు ఎండిపోయాయి, దాని కింద పడమటి పక్కన హద్దురాయి ఉందని చెప్పాడు. జడ్జిమెంటులో ఆ రేగుచెట్టు గురించి ఒక పేరా ఉంది.

మీ పెదనాన్న స్నేహితుడు గౌరవనీయులే, కాదనను. ఆయన నిన్ను ఎక్కడ చూశారు? పెళ్లిళ్లలో, పండగలకు. ఆయన రాస్తే ఏం రాస్తారు? మంచి కుటుంబం, చురుకైన పిల్ల, ఉజ్వల భవిష్యత్తు. ఆయన ఎంత మంచి మనసుతో రాసినా అంతకు మించి రాయలేరు, చూడలేదు కాబట్టి. ఈ అలవాటు మనకు గెజిటెడ్ సంతకాల నాటి నుంచి పట్టుకుంది. మన ముఖం కూడా చూడని ఆఫీసరు "ఇతను నాకు మూడేళ్లుగా తెలుసు" అని ముద్ర వేసి ఇస్తే ఆ కాగితం పట్టుకుని తిరిగిన తరం మాది. ఇక్కడ లా ప్రవేశ పరీక్షలైన లాసెట్‌కైనా క్లాట్‌కైనా ర్యాంకు చాలు, ఎవరి ఉత్తరమూ అడగరు. అక్కడ అడుగుతున్నారంటే మార్కుల్లో కనిపించనిది చూసినవాళ్ల నోట వినాలనే కదా.

నేనూ ఈ తప్పు చేశాను. 1989లో నా మొదటి కథల పుస్తకం. ముందుమాట కోసం ఒక పెద్ద విమర్శకుడి దగ్గరకు హైదరాబాదుకు నాలుగుసార్లు రైల్లో తిరిగాను. ప్రతిసారీ సెలవు పెట్టి, చేబదులు తీసుకుని పోయేవాణ్ణి. చివరికి నాలుగు పేజీలు ఇచ్చాడు. సీమ మట్టివాసన అన్నాడు, కరువు గుండెకోత అన్నాడు. నా కథల్లోని ఒక్క మనిషి పేరు అందులో లేదు. రెండేళ్ల తర్వాత అవే పేరాలు ఇంకొకరి పుస్తకం ముందు చూశాను. ఆ కాలపు వారపత్రికల ఎడిటర్లు కూడా అంతే. నా పాత్ర "యాడికి పోతివి" అంటే "ఎక్కడికి వెళ్లావు" అని దిద్ది అచ్చేసిన వాళ్లు వాళ్లు. మా మనుషుల నోటి మాట తీసేసి మా మట్టిని మెచ్చుకునేవాళ్లు. ఆ కోపం నాకింకా పోలేదు.

అదే పుస్తకానికి ఇక్కడి ప్రెస్సులో అక్షరం అక్షరం పేర్చిన కంపోజిటర్ ఒకడుండేవాడు. ప్రూఫులు ఇస్తూ "మూడో కథలో ముసలామె చావాల్సిన పని లేదు సార్" అన్నాడు. ఆ రాత్రి మళ్లీ చదివితే అతనన్నది నిజమే. అప్పటికే ఆ పేజీల ఫారం అచ్చయిపోయింది. ముందుమాట అతని చేత రాయించుకోవాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఇప్పుడు నీ అక్క దగ్గరకు వద్దాం. ఉత్తరం చివర తాజా కలంలో ఒక సంగతి రాశావు. సంతకం పెడితే భూమి పోతుందని ఒక భూయజమాని భయపడితే, వానలో రెండోసారి ఆ ఊరికి పోయి, పదకొండు నెలల ఒప్పందం కాగితాన్ని వరుసగా చదివి వినిపించావు. ఇది పంటకు సంబంధించిన హక్కేగానీ భూమి హక్కు కాదని, కౌలు కార్డుతో రైతుకు అప్పు, బీమా, నష్టపరిహారం దారి దొరుకుతుందని ఒప్పించి సంతకం తెచ్చావు. లాయరు చేసే పని ఇదే కదా. దీన్ని చూసిన మనిషి అక్క ఒక్కతే. మొదట్లో నువ్వు రైతులతో ఓపిక లేకుండా మాట్లాడావనీ, ఆమె ఒకరోజు మందలించిందనీ కూడా రాశావు. అది కూడా ఆమెను రాయమను. లోపం చూసినవాళ్లు చెప్పే మెప్పును ఎవరైనా నమ్ముతారు.

ఇంగ్లీషు సంగతి. చిన్న వాక్యాలు చాలు. తను తెలుగులో అనుకున్నది తనకు వచ్చిన ఇంగ్లీషులో రాస్తే, తప్పులు దిద్దడానికి తనకు నమ్మకమైన వాళ్లెవరైనా సాయం చేయవచ్చు. నువ్వు మాత్రం ముట్టుకోవద్దు. నువ్వే రాసి ఆమె చేత సంతకం పెట్టించుకోవడం మన దగ్గర మామూలైపోయింది. వందల అఫిడవిట్లు రాసినవాణ్ణి, ఒకే చేతితో రాసినవి మూడో లైనులో తెలిసిపోతాయి. పైగా లాయరు కావాలనుకునే మనిషి మొదటి కాగితమే అబద్ధంతో మొదలుపెట్టకూడదు.

నువ్వు పంపిన కాగితాలు చదివాను. అమెరికా లా కాలేజీల కోసం అప్లికేషన్ కాగితాలు సేకరించే ఎల్‌ఎస్‌ఏసీ సంస్థ వాళ్లు ఉత్తరం రాసేవాళ్లకే ఈమెయిల్ పంపుతారు, వాళ్లే ఎక్కించాలి. ఆ ఉత్తరం చూసే హక్కు వదులుకుంటావా అని నిన్ను అడుగుతారు. వదులుకో. కనీసం ఆరు వారాల ముందు అడుగు. ఫోన్లో అడగొద్దు, ఆఫీసులో రైతులు వెళ్లిపోయాక కూర్చుని అడుగు. నీ బయోడేటా, చివరి తేదీ, ఎందుకు లా చదవాలనుకుంటున్నావో రాసిన కాగితం ఇవ్వు. ఏం రాయాలో చెప్పొద్దు. కొన్ని కాలేజీలు రెండూ టీచర్ల దగ్గరి నుంచే కోరతాయి, అది ఒక్కో కాలేజీకి విడిగా చూసుకో.

కథ తిరిగి పంపుతున్నాను. రెండో పేజీలో పెన్సిల్ గుర్తు పెట్టిన చోట ఆమె టీ గ్లాసులతో లోపలికి వస్తుంది. అక్కడ ఆమెకు ఒక పేరు పెట్టి, గ్లాసులు కింద పెట్టాక ఆమె ఏ ఫైలు తెరుస్తుందో రాసి మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన