కుట్టుమిషన్లు కొనకముందే: మహిళా మండలి పెడుతున్న అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ పేటలో 22 మంది ఆడవాళ్లు కలిసి మహిళా మండలి పెడుతున్నారని, దసరాకి 10 కుట్టుమిషన్లు పంచి మొదలుపెడదామనుకుంటున్నారని రాశావు. చాలా సంతోషం వేసింది. మిషన్లు మాత్రం ఇప్పుడే కొనొద్దు. కటింగ్ రాని మనిషికి మిషన్ ఇస్తే ఆరు నెలలు తిరిగేసరికి దాని మీద ఉతికిన బట్టల మడతలు ఉంటాయి. ఆ డబ్బు బ్యాంకులోనే ఉండనీ. ముందు ఇళ్లు తిరగండి.

22 మందీ ఇద్దరిద్దరుగా విడిపోండి. జంటకు 20 ఇళ్లు చొప్పున రెండు వారాల్లో 220 ఇళ్లు అయిపోతాయి. పల్నాడులో పత్తి తీతలూ మిరప కోతలూ ఉన్న రోజుల్లో పగలు వెళ్తే తాళాలే కనిపిస్తాయి. కూలి ఆటోలు తిరిగొచ్చాక, పొయ్యి మీద అన్నం పడ్డాక వెళ్లండి. వాళ్ల ఎదుట పుస్తకం తీయొద్దు. పుస్తకం కనిపిస్తే పింఛను కోసమో లోను కోసమో వచ్చారనుకుని దానికి తగ్గట్టు చెబుతారు. వీధి చివరికొచ్చాక రాసుకోండి.

అడిగే తీరులోనే ఉంది అంతా. "ఏమైనా ఇబ్బందులున్నాయా" అంటే "ఏం లేవమ్మా" అనే వస్తుంది. "అమ్మాయి చదువుతోందా" అంటే అవునంటారు, ఎందుకంటే బడి రిజిస్టర్లో పేరు ఉంటుంది. "నిన్న బడికెళ్లిందా? మొన్న?" అని అడుగు. అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. 11 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి ఆడపిల్లకూ ఒక గీత: వయసు, చివరికి చదివిన తరగతి, మానేసిన నెల. ఆ నెల తప్పకుండా రాయాలి. ఎక్కువమందికి అక్టోబరు, నవంబరు వస్తే పత్తి తీతకు మాన్పించారని అర్థం. జనవరి, ఫిబ్రవరి అయితే మిరప. వేసవి సెలవుల తర్వాత అయితే హైస్కూలు దూరమో, పెళ్లి సంబంధమో అయి ఉంటుంది. ఒక్కోదానికి మందు వేరు. ఆ పుస్తకం ఒకే బీరువాలో, ఒకే తాళంచెవి కింద ఉండాలి. వీధిలో ఏ ఇంట్లో ఏముందో అందులో ఉంటుంది మరి.

సమావేశం ఎక్కడ పెట్టుకుంటారో ముందే తేల్చుకోండి. అధ్యక్షురాలి ఇంట్లో పెడితే కాలనీ నుంచి ఒక్కరూ రారు. పిలిచారు కదా, రాకపోతే వాళ్లదే తప్పు అనుకోవద్దు. ఆ గడప దాటాలంటే వాళ్లకు తరాల నాటి జంకు ఉంది. మీ మండలికి అన్నిటికంటే అవసరమైనవాళ్లు కూడా వాళ్లే. అంగన్‌వాడీ గదో, ఆదివారం బడి గదో అడగండి. కుర్చీలు చాలకపోతే అందరూ చాపల మీదే కూర్చోవాలి, టీ అందరూ ఒకేరకం గ్లాసుల్లో తాగాలి. కమిటీలో కాలనీ నుంచి కనీసం ఇద్దరుండాలి. వాళ్లలో ఒకరు కోశాధికారో కార్యదర్శో కావాలి, పేరుకు సభ్యురాలిగా ఉంటే చాలదు.

రిజిస్ట్రేషన్ పెద్ద పనేం కాదు. 2001 నాటి సొసైటీల చట్టం కింద 18 ఏళ్లు నిండిన ఏడుగురు ఉంటే చాలు. ఆశయాల పత్రం, బైలా (నియమావళి) రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. పక్క ఊరి మండలి బైలా తెచ్చి పేర్లు మార్చి పెట్టేస్తుంటారు, ఆ పని చేయొద్దు. సమావేశం చెల్లాలంటే కనీసం ఎంతమంది ఉండాలి (కోరం), పదవీకాలం ఎన్నేళ్లు, మండలి మూతపడితే ఆస్తి ఎవరికి పోతుంది అన్నవి మీరే కూర్చుని రాసుకోండి. ఏటా సర్వసభ్య సమావేశం జరిగాక కమిటీ పేర్ల జాబితా రిజిస్ట్రార్‌కు పంపాలి. రెండేళ్లు మర్చిపోయారంటే, అవసరం పడి కాగితాలు అడిగినప్పుడు ఇబ్బంది పడేది మీరే.

డబ్బు విషయంలో మొహమాటం పనికిరాదు. బ్యాంకు ఖాతా మీద ముగ్గురి పేర్లుంటే ఏ ఇద్దరు సంతకం చేసినా డబ్బు తీయగలిగేలా పెట్టుకోండి. ఆ ముగ్గురిలో ఒకే ఇంటివాళ్లు ఉండకూడదు. నంబరు వేసిన రసీదు పుస్తకం ఉండాలి, 10 రూపాయలిచ్చినా రసీదు తెగాలి. నెలనెలా జమాఖర్చు గట్టిగా చదివి వినిపించండి, ఆ పేజీ మీద వచ్చినవాళ్లందరి సంతకాలు తీసుకోండి. దొంగతనం జరిగి విడిపోయే మండళ్లకన్నా, జరిగిందేమోనన్న అనుమానంతో విడిపోయేవే ఎక్కువ.

అమెరికాలో ఉన్న మీ పేట పిల్లలు డబ్బు పంపిస్తామన్నారని రాశావు. జాగ్రత్త. ఇంకా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారినవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ఒక్క రూపాయీ తీసుకోకూడదు. మనవాడే కదా అని తీసుకుంటే తర్వాత చిక్కుల్లో పడేది మండలి. ఇంకొకటి, చీటీలు కట్టించడం, అప్పులివ్వడం మండలి పేరుతో ఎన్నడూ చేయొద్దు. పొదుపుకీ లోనుకీ డ్వాక్రా సంఘాలు ఉండనే ఉన్నాయి. మీ సభ్యుల్లో సగంమంది వాటిలోనూ ఉంటారు. ఒక ఆవిడ మండలికి బాకీ పడిందంటే ఆ రోజు నుంచి సమావేశానికి రావడం మానేస్తుంది, కూతుర్నీ పంపదు.

ఇక అసలు పని. పుస్తకంలో చదువు మానేసిన పిల్లల పేజీ తీయి. 14 నిండనివాళ్లను ఓపెన్ టెన్త్‌లో వేయాలని చూడొద్దు. వాళ్లు బడికే వెళ్లాలి. మధ్యలో మానేసిన ఆడపిల్లల కోసమే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు పెట్టారు, హాస్టలూ అక్కడే ఉంటుంది. తల్లిదండ్రులు తీతలకో కోతలకో వలస వెళ్లే ఇళ్ల పిల్లలకు అంతకు మించిన దారి లేదు. తల్లిని వెంటబెట్టుకుని వెళ్లి హాస్టల్ గది, బాత్రూమ్ చూపించి తీసుకురండి. చూశాక ఒప్పుకునేవాళ్లే ఎక్కువ.

14 దాటినవాళ్లకు, పెళ్లయి పిల్లలున్నవాళ్లకు ఏపీ సార్వత్రిక విద్యాపీఠం పదో తరగతి ఉంది. అయిదు సబ్జెక్టులు. అన్నీ ఒక్కసారే గట్టెక్కనక్కర్లేదు, పాసైనవి అలాగే నిలిచి ఉంటాయి, అయిదేళ్లలోపు మిగతావి రాసుకోవచ్చు. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే చాలామంది దెబ్బతింటారు. లెక్కలు, సైన్సు వదిలేసి, సులువని హోమ్ సైన్సు, ఎకనామిక్స్ లాంటివి పెట్టించేస్తారు. సర్టిఫికెట్ చాలు అనుకునే నలభై ఏళ్ల ఆవిడకు అది మంచిదే. 16 ఏళ్ల పిల్లకు అలా పెట్టిస్తే రేపు పాలిటెక్నిక్ అన్నా, ఇంటర్లో సైన్సు గ్రూపన్నా తలుపు మూసుకుంటుంది. ఫారం నింపేముందు ఆ పిల్లను విడిగా కూర్చోబెట్టుకుని ఏం కావాలనుకుంటోందో అడుగు. ఆధార్‌లో పుట్టిన తేదీ, టీసీలో తేదీ, పేరులో ఇంటిపేరు స్పెల్లింగు ఒకటేనా కాదా చూసుకో. తేడా ఉంటే ముందే సరిచేయించండి, లేకపోతే హాల్‌టికెట్ రోజున ఏడవాల్సి వస్తుంది.

ఒక బ్యాచ్‌లో 15 మందికి మించొద్దు. రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా, వారానికి ఆరు రోజులు. మొదటి రోజు సిలబస్ తెరవొద్దు. పేపర్లో ఒక పేరా ఇచ్చి చదవమను. మూడేళ్ల కిందట బడి మానేసిన పిల్ల ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. ఆమెకు ఆరు వారాలు వట్టి చదవడమే నేర్పాలి. లెక్కల్లో అందరూ భిన్నాల దగ్గరే చిక్కుకుంటారు. అక్కడ రెండు వారాలు పట్టినా పట్టనీ, రొట్టె చేసి ముక్కలు కోసి చూపించినా తప్పులేదు. భిన్నాలు రాకుండా బీజగణితంలోకి తోశారంటే నెలలో సగం మంది మానేస్తారు.

చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లను పరీక్షకు తయారు చేయించడం మనకు కొత్తేం కాదు. మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభకు పునాది వేసిన దుర్గాబాయమ్మ చదువు ఆగిపోయిన స్త్రీలను కూర్చోబెట్టి బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు తయారు చేయించారు. రెండేళ్లలో ముగిసేలా కుదించిన చదువు అది. మీది కూడా ఆ బాటే.

క్లాసు నిలబడేదీ పడిపోయేదీ పాఠం వల్ల కాదు. బాత్రూమ్ తలుపుకు లోపలి గడియ ఉందా? ఈ ఒక్క విషయం చూడకుండా క్లాసు మొదలుపెట్టకు. గడియ లేకపోతే ఆ పిల్లలు మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు, నెలసరి రోజుల్లో అసలే రారు, కారణం మాత్రం ఎవరూ చెప్పరు. ఒక గడియ, ఒక బకెట్, మూతున్న చెత్తడబ్బా, బల్బు. తర్వాత ఇంటికి చేరడం. తొమ్మిదింటికి వదిలాక వీధుల వారీగా గుంపులు కట్టి, గుంపుకొక సభ్యురాలు తోడు వెళ్లాలి. చివరి పిల్ల గడపలోకి వెళ్లేదాకా. చంటిపిల్లల తల్లులు వస్తే పక్క గదిలో ఉయ్యాల కట్టి ఒక పెద్దావిడను కూర్చోబెట్టండి. జనవరి నుంచి మిరప కోతలు మొదలవగానే హాజరు పడిపోతుంది, అప్పుడు క్లాసు ఎనిమిదిన్నరకు జరిపి గంటకు కుదించండి. ఆపేస్తే మాత్రం క్లాసు మళ్లీ నిలబడదు.

కుట్టుమిషన్ల సంగతి ఇప్పుడు. అయిదు కొనండి, 10 మందికి రెండు షిఫ్టులు. మొదట ఫాల్ కుట్టడం, పీకో. పీకో మిషన్ వేరుగా ఒకటి కావాలి. నెల తిరక్కుండానే చేతికి డబ్బు వచ్చే పని ఇదే, డబ్బు కళ్లజూస్తే ఇంట్లో వాళ్లు పంపిస్తారు. తర్వాత లంగాలు, ఆ తర్వాతే లైనింగ్ బ్లౌజు. బ్లౌజు చంక రౌండు దగ్గర పట్టేస్తే ఆ గిరాకీ మళ్లీ రాదు, అందుకని పాత న్యూస్‌పేపర్ మీద 20 సార్లు కత్తిరించాకే గుడ్డ చేతికివ్వాలి. కుట్టు అడుగున ఉచ్చుల్లా పడుతుంటే అందరూ బాబిన్‌ను తిడతారు. తప్పు చాలావరకు పైదారంలో ఉంటుంది: సరిగ్గా ఎక్కించలేదు, లేదా టెన్షన్ వదులైంది. మామూలు కాటన్‌కు 14వ నంబరు సూది, పల్చటి పట్టుకు 11. మొద్దుబారిన సూదితో పట్టుబట్ట కుట్టారంటే నూలు లాగేస్తుంది, ఆ నష్టం మీరే కట్టాలి.

రక్తహీనత గురించి ఒక్క మాట. గర్భిణి కాని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పిల్లలు పారేస్తుంటారు. పరగడుపున వేసుకుని కడుపులో తిప్పడం, విరేచనం నల్లగా రావడం చూసి భయపడతారు. అన్నం తిన్నాక వేసుకోమను, గంట దాకా టీ వద్దను, నల్లగా రావడం మామూలేనని తల్లికీ చెప్పు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది, ఒక రాత్రి ఎవరో దెబ్బలతో మీ తలుపు తట్టినప్పుడు. పంచాయితీ పెట్టొద్దు. భర్తను పిలిపించి మందలించొద్దు, ఆ కోపం తీరేది ఆమె మీదే. ముందు "ఇప్పుడు ఇంటికెళ్తే ప్రమాదమా" అని అడుగు. అవునంటే అత్యవసర నంబరు 112. ఉండడానికి చోటు, వైద్యం, సలహా కావాలంటే 181కి ఫోన్ చేస్తే జిల్లా సఖి కేంద్రానికి కలుపుతారు. కేసు వేయాలంటే, ఆదాయం ఎంతున్నా సరే, ఆడవాళ్లకు న్యాయ సేవల సంస్థ లాయరును ఉచితంగా ఇస్తుంది, నంబరు 15100. ఏం చేయాలో ఆమే తేల్చుకోవాలి. ఈసారి వెనక్కి వెళ్తానన్నా తిట్టొద్దు. తిడితే మరోసారి మీ దగ్గరికి రాదు. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్ల నకళ్లు మీ దగ్గర భద్రం చేయమంటే చేయండి.

బాల్యవివాహం వాసన తగిలితే పిల్లల హెల్ప్‌లైన్ 1098. ముహూర్తం రోజున కాదు, శుభలేఖ వేయకముందే. ఫోన్ చేసింది ఎవరో మండలిలో కూడా చెప్పుకోవద్దు. పెళ్లి ఆగిందని అక్కడితో వదిలేస్తే మూడు నెలల్లో మరో ఊళ్లో చేసేస్తారు. వారం వారం ఆ ఇంటికి వెళ్లాలి, పిల్లను బడిలోనో మీ క్లాసులోనో కూర్చోబెట్టాలి. 18 నిండని పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే మాత్రం పోలీసులకు చెప్పి తీరాలి, పోక్సో చట్టంలో దాచడమే నేరం. మీరు పదిమందీ చేరి ఆ పిల్లను ప్రశ్నించొద్దు. ఒకరు కూర్చుంటే చాలు.

ఫొటోల గురించి కచ్చితంగా చెబుతున్నాను. పుస్తకాలు అందుకుంటున్న పిల్ల ముఖం వాట్సాప్‌లో తిరిగితే, ఫలానావాళ్ల పిల్ల దానం తీసుకుందని రేపు సంబంధాల దగ్గర మాట వస్తుంది. దాతలకు హాజరు పట్టీ ఫొటో పంపు, కుట్టిన బ్లౌజుల ఫొటో పంపు. చూడాలనుకున్నవాళ్లను క్లాసుకే రమ్మను.

మొదటి నాలుగు వీధులూ పూర్తయ్యాక నాకు లెక్క రాయి. ఏ వయసు వాళ్లు ఎంతమంది, ఏ నెలలో మానేశారు, అంతే. పేర్లు రాయకు. అది చూసి క్లాసు ముందు పెట్టాలో, కస్తూర్బాకు బండి ముందు కట్టాలో చెబుతాను. బాత్రూమ్ గడియ మాత్రం ఈ వారమే వేయించు.

ఇట్లు,
నీ పెద్దమ్మ