మందుల కంటే ముందు ప్రోగ్రెస్ కార్డులు

తల్లీ,

ఆన్‌లైన్‌లో ఆరు ప్రశ్నలకు టిక్కులు పెట్టి, నీకు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాసా కుదురూ నిలవని సమస్య, ఉందని తేల్చేసుకున్నావని మీ అమ్మ చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో తయారైన ఆ ప్రశ్నలు మంచివే. అయితే డాక్టరు దగ్గరికి వెళ్లాలా వద్దా అని ఆలోచించుకోవడానికే అవి పనికొస్తాయి. అంతకు మించి నమ్మకు.

ఇంటర్‌లో అన్ని మార్కులు తెచ్చుకున్నదానికి ఇంజనీరింగ్‌లో ఒక్కసారిగా ఇదెలా వస్తుందని నీ సందేహం. కొత్తగా రాదు. లక్షణాలు కొన్నయినా పన్నెండేళ్ల లోపే కనబడి ఉండాలి. నీ రెసిడెన్షియల్ కాలేజీ సంగతి గుర్తు తెచ్చుకో. పొద్దున్నే లేపడానికి వార్డెను, స్టడీ అవర్‌లో తల పక్కకు తిప్పనివ్వని లెక్చరరు, వారం వారం పరీక్ష, చేతిలో ఫోను లేదు. నీ బుర్ర చేసుకోవాల్సిన పనంతా వాళ్లే చేసిపెట్టారు. ఇప్పుడు ల్యాబ్ రికార్డు ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా నువ్వే తేల్చుకోవాలి, అక్కడే బండి ఆగింది. అల్లరి చేసే మగపిల్లవాణ్ణయితే టీచరు పట్టుకునేది. కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లను ‘నెమ్మదైనది’ అని మెచ్చుకుని వదిలేస్తారు. అలాంటి అమ్మాయిలు మా ఓపీకి ఇరవై ఏళ్లు దాటాక వచ్చేవారు.

అందుకే అమ్మను వెంటబెట్టుకుని వెళ్లు. నీ ఒకటో తరగతి నీకేం గుర్తుంటుంది? పాత ప్రోగ్రెస్ కార్డులు కూడా తీసుకెళ్లు. మార్కుల కోసం కాదు, కింద టీచరు రాసిన ఆ ఒక్క వాక్యం కోసం. ‘తెలివైనదే, ధ్యాస తక్కువ’ అని ఏటేటా కనిపిస్తే, డాక్టరుకు అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఏకాగ్రతకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదైనా గత ఆరు నెలలుగా ఉండాలి, అవి చదువులోనే కాక ఇంట్లోనో స్నేహితుల మధ్యనో కూడా ఇబ్బంది పెడుతుండాలి. స్కాన్ తీసి తేలుస్తామని ఎవరైనా అంటే లేచి వచ్చెయ్. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు రాస్తే మాత్రం చేయించుకో. నిద్ర చాలకపోయినా, దిగులూ ఆందోళనా ఉన్నా మనసు ఇలాగే నిలవదు. తెల్లవారుజాము దాకా ఫోను చూస్తున్న సంగతి దాచకు.

మందులకు భయపడకు, అలాగని తొందరా పడకు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు వేసుకున్న గంటలోపే పని మొదలుపెడుతుంది. ఆకలి తగ్గిస్తుంది, నాడి వేగం పెంచుతుంది. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉంటే ముందే చెప్పు. అది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకంపై గట్టి నియంత్రణ ఉన్నది, చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒకటి షాపువాళ్లు ఉంచుకుంటారు. అన్ని షాపుల్లో దొరకదు, కాబట్టి అయిపోయే దాకా ఆగకు. అటామాక్సెటిన్ అనే ఇంకో మందు అలా కాదు, గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులకే పనిచేయలేదని మానేసేవాళ్లుంటారు. పరీక్షల ముందు స్నేహితురాలి మాత్ర అడిగి వేసుకోవడం, అమెరికాలో ఉన్న అన్నయ్య చేత ఆడెరాల్ అనే అక్కడి ఏడీహెచ్‌డీ మాత్రలు పంపించుకోవడం వద్దే వద్దు. రెండోదైతే చట్టరీత్యా నేరం.

మాత్ర నిన్ను కూర్చోబెడుతుంది, ఏం చదవాలో చెప్పదు. దానికి కౌన్సెలింగ్‌లో పద్ధతులు నేర్పుతారు. నాకు బాగా నచ్చినది ఒకటి చెబుతాను. ‘రికార్డు పూర్తి చేయాలి’ అని రాసుకోకు. ‘మూడో ప్రయోగం సర్క్యూట్ బొమ్మ గీయాలి’ అని రాసుకో. అది గీసేటప్పుడు పక్కన ఎవరైనా తమ పని తాము చేసుకుంటూ ఉంటే మరీ మంచిది.

ఖర్చుకు వెనుకాడితే ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ముందు మాట్లాడి చూడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప, నీ అనుమతి లేకుండా డాక్టరు ఎవరికీ చెప్పకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. మీ నాన్నగారికి నువ్వే చెప్పాలనుకుంటే చెప్పు. ఆయన ‘పిచ్చాసుపత్రికా!’ అంటే నాకు ఫోను చేయమను.

పెద్దమ్మ