ఉట్టి కట్టడం మరిచిన ఇల్లు

ప్రశ్న: మాది మల్కాజిగిరిలో అద్దె ఫ్లాట్. నేను, మా ఆయన, పదేళ్ల పాప, అత్తమ్మ ఉంటాం. పోయిన వానాకాలంలో సెల్లార్‌లో తడుస్తున్న పిల్లిపిల్లను మా పాప ఇంటికి తెచ్చింది. నల్లగా ఉందని మిరియం అని పేరు పెట్టుకుంది. ఇప్పుడు దానికి ఏడెనిమిది నెలలుంటాయి. ఇంట్లో నీచు వండం కాబట్టి పాలన్నం, పెరుగన్నం పెడతాం. రెండు నెలలుగా కనబడిన వైరునల్లా కొరుకుతోంది. ఫోన్ ఛార్జర్లు మూడు పోయాయి. మా ఆయన ఇంటి నుంచి పనిచేస్తున్న రోజు ఆఫీసు మీటింగ్ మధ్యలో ఇంటర్నెట్ వైరు కొరికేస్తే చెప్పు తీసి విసిరాడు. పది రోజుల కింద ఫ్రిజ్ వైరు కొరికి ఎగిరి అవతల పడింది. రెండు రోజులు సోఫా కింద నుంచి రాలేదు, ఏమీ తినలేదు. తర్వాత మామూలైంది. వైరుకు టేపు చుట్టాం. నల్ల పిల్లి ఇంట్లో వద్దని మొదటి రోజే చెప్పానని అత్తమ్మ సాధింపు. నెలాఖరుకు సంచిలో వేసి ఎక్కడైనా వదిలేస్తానని మా ఆయన. పిల్లిని పంపిస్తే అమ్మమ్మ ఇంటికి వెళ్లిపోతానని పాప. వైర్లకు కారం పూశాను, పిల్లిని కొట్టాను కూడా. అందరి మధ్యా నేను నలిగిపోతున్నాను. ఈ అలవాటు మాన్పించే దారి ఉందా?
– పేరు రాయవద్దు

జవాబు: అమ్మా, మీరు అడిగిన ప్రశ్న కన్నా మధ్యలో చెప్పి దాటేసిన రెండు ముక్కలు నన్ను ఎక్కువ భయపెట్టాయి. పిల్లి ఎగిరి పడింది, వైరుకు టేపు చుట్టాం అన్నారు. ముందు వాటి సంగతి చూద్దాం. అలవాటు మాన్పించడం నాలుగు రోజులు ఆగినా పరవాలేదు.

ఫ్రిజ్ వైరులో పారేది 230 వోల్టుల కరెంటు. పంటి గాటు పైన సూది మొనంత కనబడినా లోపల తీగ ఎంత తెగిందో టేపు చుట్టాక ఎవరికీ తెలియదు. ఫ్రిజ్ దగ్గర నేల తడిగా ఉంటుంది, తడి చేతులతో తలుపు తీస్తాం. మీ పాప ఎండాకాలంలో నీళ్ల సీసా కోసం ఎన్నిసార్లు తీస్తుందో మీకే తెలుసు. ఆ వైరును అతకడం కాదు, మొత్తంగా మార్పించాలి. అంతవరకు ఫ్రిజ్ ఆపేసి ఉంచండి. పాలు విరిగితే విరిగాయి.

రెండోది, మిరియాన్ని ఒకసారి డాక్టరుకు చూపించండి. కరెంటు తగిలినప్పుడు పిల్లికి పెదవుల మూలలు, నాలుక, అంగిలి కాలతాయి. ఆ పుండు మొదటి రోజు చిన్నగా ఉండి, రోజులు గడిచాక పెద్దది కావచ్చు. అసలు గండం ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. దెబ్బ తగిలిన కొన్ని గంటలకు, ఒక్కోసారి ఒక రోజు దాటాక కూడా అది బయటపడుతుంది. పది రోజులైంది గనుక ఆ గండం గడిచినట్టే. నోరు మాత్రం చూపించాల్సిందే. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, లేదంటే మీ వీధి చివర ప్రైవేటు డాక్టరైనా సరే. నొప్పిగా ఉందేమోనని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ముక్క మాత్రం వేయకండి. మనకు జ్వరం తగ్గించే ఆ మాత్ర పిల్లిని చంపేస్తుంది.

మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే, పిల్లిని పట్టుకునే ముందు స్విచ్ కట్టేయండి. స్విచ్ అందకపోతే మెయిన్ దించండి. వైరు ఇంకా నోట్లోనే ఉంటే దాన్ని ముట్టుకున్న మనిషికీ కొడుతుంది. ఇది పాపకు చెప్పి ఊరుకోకండి, ఒకసారి చేయించండి. అందరికన్నా ముందు పరుగెత్తేది మీ పాపే. తర్వాత పిల్లి నోరు తెరిచి రొప్పుతున్నా, చొంగ కారుస్తున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డాక్టరు దగ్గర పళ్లు కూడా చూపించండి. పిల్లికి 26 పాలపళ్లు ఉంటాయి. మూడో నెల దాటాక ఊడటం మొదలై, ఆరేడు నెలలకు 30 గట్టి పళ్లు వచ్చేస్తాయి. అంటే, పళ్లొస్తున్నాయి కదా అదే తగ్గుతుందిలే అనుకోవడానికి మీకు గడువు దాదాపు అయిపోయింది. పాలపన్ను ఊడకుండా ఉండిపోయినా, చిగురు వాచినా దొరికినదల్లా కొరుకుతుంది. అదేమీ లేదని డాక్టరు అంటే మనం ఇల్లు చూసుకోవాలి.

ఇల్లు అంటే గుర్తొచ్చింది. మా అమ్మమ్మ ఇంట్లో పాలు, పెరుగు, వెన్న ఉట్టి మీద ఉండేవి. పిల్లి రోజూ కింద కూర్చుని పైకి చూసేది. ఆమె దాన్ని ఒక్కనాడూ కొట్టలేదు, తిట్టలేదు. ఆ కాలంలో పిల్లికి బుద్ధి చెప్పి పెరుగు కాపాడుకున్న ఇల్లు నేనైతే వినలేదు. మనమేమో టీవీ వెనక, మంచం పక్కన, టేబుల్ కింద ఎలుక తోకల్లాంటివి ఇరవై వేలాడదీసి, చీకట్లో వాటి పక్కన మినుకు మినుకుమనే దీపాలు కూడా పెట్టి, పిల్లి నిగ్రహంగా ఉండాలంటున్నాం.

అందుకని ముందు ఉట్టి కట్టండి. ఒక సాయంత్రం నేల మీద కూర్చుని, పిల్లి ఎత్తు నుంచి ఇల్లంతా చూడండి. వేలాడే వైరు, ఊగే వైరు, గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య దూరిపోయే సందు అన్నీ కనబడతాయి. గోడ వెంట పోయే వాటికి పీవీసీ కేసింగ్ వేయండి. అద్దె ఇల్లు కాబట్టి డ్రిల్లు అక్కర్లేని, అంటించే రకం తీసుకోండి. కదిలించాల్సిన వైర్లకు గరుకు గీతలుండే ఫ్లెక్సిబుల్ పైపు దొరుకుతుంది. దాన్ని నిలువునా చీల్చి వైరును లోపలికి తోసేయొచ్చు. కోఠి ట్రూప్ బజార్‌లో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. ల్యాప్‌టాప్ వైరులో గోడ నుంచి ఇటుకలాంటి డబ్బా దాకా ఉండేది 230 వోల్టులే, కాబట్టి ముందు ఆ ముక్కను కప్పండి. ఆ డబ్బాను మాత్రం గుడ్డలోనో పెట్టెలోనో మూసేయకండి, వేడెక్కుతుంది. ఫోన్ ఛార్జరు పని అవగానే డ్రాయర్‌లోకి పోవాలి. దాని సన్న వైరులో దెబ్బ కొట్టేంత కరెంటు ఉండదు గానీ, కొరికి మింగిన రబ్బరు ముక్క పేగులో ఇరుక్కుంటే ఆపరేషన్ దాకా వెళుతుంది. మూడు ఛార్జర్ల ముక్కలూ నేల మీద దొరికాయా? దొరకకపోతే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.

మీ ఇంటి స్విచ్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందో లేదో ఓనర్‌ను అడగండి. ఎంసీబీ వేరు, ఇది వేరు. ఎంసీబీ లోడు ఎక్కువైనప్పుడో వైర్లు రెండూ కలిసినప్పుడో పడుతుంది. ఒంట్లోంచి నేలకు పారే కొద్దిపాటి కరెంటు దానికి లెక్కే కాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఆ కొద్దిదాన్ని పసిగట్టి కట్ చేస్తుంది. మనుషుల కోసమైనా అది ఉండాలి. అది ఉంది కదా అని ధీమా పనికిరాదు. పిల్లి నోట్లో రెండు తీగలూ ఒకేసారి పడితే కరెంటు నేలకు పోదు, దాని నాలుక మీదుగానే తిరుగుతుంది. అప్పుడు ఆర్‌సీసీబీకి ఏమీ తెలియదు. ఈ సంగతి నాకు తెలిసింది మా ఇంట్లో పిల్లి ఇన్వర్టర్ వైరు కొరికాకే. అదృష్టం కొద్దీ అప్పుడు అది ఆపేసి ఉంది.

కారం వద్దమ్మా. పిల్లి పాదం నాకుతుంది, అదే పాదంతో కళ్లు తుడుచుకుంటుంది. పాప కూడా అదే వైరు పట్టుకుని కన్ను నలుపుకుంటుంది. కర్పూరం, తలనొప్పి బామ్, నీలగిరి తైలం, కలరా ఉండలు, వెల్లుల్లి ముద్ద పెట్టమని ఇరుగుపొరుగు చెబుతారు. ఇవన్నీ పిల్లికి విషమే. బత్తాయి తొక్క, నిమ్మ తొక్క వాసన చాలా పిల్లులకు గిట్టదు, వైరు దగ్గర పెట్టి చూడండి. రెండో రోజుకు ఎండిపోతుంది, కొత్తది పెట్టుకోవాలి. పెంపుడు జంతువుల దుకాణాల్లో చేదు స్ప్రే అమ్ముతారు. స్విచ్ ఆపి, గుడ్డతో రాసి, పూర్తిగా ఆరాకే మళ్లీ వేయాలి. కొన్ని పిల్లులు ఆ చేదును కూడా నాకి పారేస్తాయి, ముందే చెబుతున్నాను. ఇక కొట్టడం వల్ల అది నేర్చుకునేది ఒక్కటే, మీరు ఇంట్లో లేనప్పుడు కొరకాలని.

ఇప్పుడు మీరు రాయని ఒక విషయం అడుగుతాను. పాప మిరియంతో దేనితో ఆడుతుంది? పాత ఇయర్‌ఫోన్ వైరు, లంగా నాడా, పాడైన ఛార్జరు వీటిలో ఏదో ఒకటి ఊపుతూ ఉంటుందని నా అనుమానం. చాలా ఇళ్లలో అంతే. పగలు మనమే వైరు ఊపి పట్టుకోమంటాం, రాత్రి పట్టుకుంటే కొడతాం. దాన్ని ఈ రోజే ఆపించండి. కర్రకు గుడ్డ ఎలుకను కట్టిస్తే చాలు. ఆట అయ్యాక దాన్ని కూడా అలమరాలో పెట్టేయాలి, ఎందుకంటే దారం మింగితే పేగులు కోసుకుపోతాయి. సంక్రాంతి మొన్ననే అయింది, డాబా మీద తెగిపడిన మాంజా ఏదైనా మీ బాల్కనీలో చిక్కుకుందేమో చూడండి.

పిల్లికి ఒంట్లో హుషారు ఎక్కేది తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. మీ ఇంట్లో అప్పుడు ఒకరు నిద్రలో, ఒకరు వంటలో, ఒకరు హోంవర్క్‌లో ఉంటారు. ఆ రెండు వేళల్లో పదీ పదిహేను నిమిషాలు బాగా పరుగెత్తించి, వెంటనే తిండి పెట్టండి. వేటాడి, తిని, పడుకోవడం దాని పుట్టుకలోనే ఉంది. కొరుక్కోవడానికి అట్టపెట్టె ఇవ్వండి. చిన్న కుండీలో గోధుమలు చల్లితే వారంలో గడ్డి వస్తుంది, చాలా పిల్లులు ఇష్టంగా నములుతాయి.

తిండి విషయంలో మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. పిల్లి మాంసం తిని బతికే జంతువు. టారిన్ అనే పదార్థం దాని కంటికి, గుండెకు తప్పనిసరి. అది అన్నంలో ఉండదు, పాలల్లో చాలదు. పెరుగన్నం వల్లే వైర్లు కొరుకుతోందని నేను తేల్చి చెప్పలేను గానీ, అర్ధాకలితో ఉన్న పిల్లి కుదురుగా ఉండదు. పిల్లుల కోసమే చేసిన ప్యాకెట్ గింజలు పెట్టండి. దాని గిన్నె బాల్కనీలో విడిగా ఉంటుంది, వంటింట్లోకి రాదు అని అత్తమ్మకు ముందే చెప్పి ఒప్పించండి. చాటుగా పెట్టి దొరికిపోతే మాత్రం నేను సాక్ష్యానికి రాను.

అత్తమ్మ గురించి. ఆమె మాటలో శకునం తీసేస్తే మిగిలేది సరైన భయమే. ఇంట్లో తెగిన వైరు ఉంది, మనవరాలు దాని పక్కన తిరుగుతోంది. ఆ భయాన్ని ఆమె తనకు తెలిసిన మాటల్లో చెబుతున్నారు. పిల్లి రంగు గురించి ఆమెతో వాదించి ఎవరు గెలిచారు? వైరు మార్పించిన రోజు, "మీరన్నట్టు ఇల్లు ప్రమాదంగానే ఉండె అత్తమ్మా, ఇప్పుడు చూడండి" అని చూపించండి. సాధింపు ఒక్కరోజులో ఆగదు, కానీ వేడి తగ్గుతుంది.

మీ ఆయన పాప ముందు చెప్పు విసరడం తప్పే. అది ఇంకోసారి జరగకూడదని చెప్పండి, అరుపులు లేని పూట చూసి. అయితే నలుగురి ముందు మీటింగ్‌లో మాయమైన మనిషికి తల కొట్టేసినట్టుంటుంది, అది కూడా ఒప్పుకోండి. సంచిలో వేసి వదిలేయడం మాత్రం కుదరదు. పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. చట్టం సరే, సెల్లార్ దాటి వీధి ఎరగని పిల్లి కుక్కల మధ్య ఎన్నాళ్లుంటుంది?

ఆయనను బతిమాలకండి, పని అప్పగించండి. శనివారం పాపను బండి మీద ఎక్కించుకుని కోఠి వెళ్లి పైపులు కొనుక్కొచ్చే పని ఆయనది, బిగించే పని ఇద్దరిదీ. ఆయన పెట్టిన నెలాఖరు గడువును ఆ రోజు నుంచి సరిగ్గా నెల రోజులకు మార్చమని అడగండి. కొత్త పంటి గాటు కనబడిన రోజున పాప క్యాలెండర్ మీద చుక్క పెట్టాలి. చుక్కలు తగ్గితే పిల్లి ఉంటుంది. ఇంత చేసినా తగ్గకపోతే, నచ్చి పెంచుకునే ఇంకో ఇల్లు వెతకండి, పాపను వెంట తీసుకెళ్లి చూపించి అప్పగించండి. అదే పారిపోయిందని మాత్రం అబద్ధం చెప్పకండి. పదేళ్ల పిల్ల ఆ అబద్ధాన్ని కనిపెడుతుంది. తర్వాత మీరు చెప్పే నిజాల్ని కూడా అనుమానిస్తుంది.

చివరగా, అమ్మమ్మ ఇంటికి వెళ్లిపోతానని పాప అంటోందన్నారు. అమ్మమ్మ ఇల్లంటే మీ పుట్టిల్లు. ఆ మాట ఆ పిల్లకు ఎక్కడ దొరికిందో, ఈ రెండు నెలల్లో మీరు ఎన్నిసార్లు అన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. పిల్లి సంగతి ఒక దారిన పడ్డాక దాని గురించి విడిగా నాకు రాయండి. ఇప్పుడు మాత్రం వెళ్లి ఫ్రిజ్ స్విచ్ కట్టేసి ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేయండి.