ప్రజాప్రయోజన వ్యాజ్యానికి సెక్షన్ ఎక్కడుంది?

బాధితుడు కాని వ్యక్తి ప్రజల తరఫున కోర్టుకు వెళ్లేందుకు, అంటే ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసేందుకు, వీలు కల్పించే సెక్షన్ ఎంత వెతికినా దొరకలేదని మీరు రాశారు. అది దొరకదు, ఎందుకంటే ఈ పద్ధతిని పార్లమెంటు చట్టంగా చేయలేదు. హక్కుల రక్షణ కోసం సుప్రీంకోర్టుకు, హైకోర్టుకు వెళ్లే వీలు కల్పించే రాజ్యాంగంలోని 32, 226 అధికరణాలకు అర్థం చెబుతూ న్యాయమూర్తులే దీన్ని రూపొందించారు.

1979లో, బిహార్ జైళ్లలో విచారణ ఖైదీల దుస్థితి గురించి పత్రికలో వచ్చిన కథనాన్ని ఆధారం చేసుకుని న్యాయవాది కపిలా హింగోరాణీ సుప్రీంకోర్టును ఆశ్రయించారు. నేరం రుజువైనా పడే గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణే లేకుండా మగ్గిన వారు ఆ ఖైదీలలో ఉన్నారు. హుస్సైనారా ఖాతూన్ కేసుగా పేరుపొందిన ఆ వ్యాజ్యంలో, సత్వర విచారణ, జీవించే హక్కును, వ్యక్తిగత స్వేచ్ఛను కాపాడే 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కేనని కోర్టు ప్రకటించింది. ఇప్పటికీ ఆ తీర్పు చదివితే మనసు కలచివేస్తుంది. అదే కాలంలో, తోటి ఖైదీపై జరిగిన హింస గురించి తీహార్ జైలు నుంచి ఒక ఖైదీ రాసిన ఉత్తరాన్నే కోర్టు పిటిషన్‌గా స్వీకరించింది.

మీ ప్రశ్నకు సూటి జవాబు ఎస్.పి. గుప్తా కేసులో 1981లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఉంది: పేదరికం వల్లనో నిస్సహాయత వల్లనో కోర్టుకు రాలేని వారి పక్షాన, సద్భావంతో ఎవరైనా రావచ్చని జస్టిస్ భగవతి అందులో స్పష్టం చేశారు.

అయితే స్వార్థపూరిత పిటిషన్లు పెరగడంతో, పిటిషనర్ విశ్వసనీయతను ముందే పరిశీలించాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి ముందు మీ హైకోర్టు నిబంధనలు చదివి, వ్యక్తిగత ప్రయోజనం లేదని ప్రమాణపత్రంలో స్పష్టంగా రాయండి.