మైగ్రేన్ పరిశోధన చేయాలంటే డాక్టరే కావాలా?

ప్రశ్న: ఫిజిక్స్ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. అమ్మకు ఎన్నో ఏళ్లుగా మైగ్రేన్. ఎంఆర్‌ఐ తీయిస్తే అంతా మామూలుగానే ఉందన్నారు. ఈ జబ్బు మెదడులో తెచ్చే మార్పులను స్కానింగ్‌లో పట్టుకునే పరిశోధన చేయాలని ఉంది. అందుకు వైద్యవిద్య తప్పనిసరా?

జవాబు: తప్పనిసరి కాదు. ఎంఆర్‌ఐ ఆవిష్కరణకు 2003లో వైద్య నోబెల్ అందుకున్న ఇద్దరిలో పాల్ లాటర్‌బర్ రసాయన శాస్త్రవేత్త, పీటర్ మాన్స్‌ఫీల్డ్ మీలాగే ఫిజిక్స్ చదివినవారు.

ముందు అమ్మగారికి ఒక మాట చెప్పండి. మామూలు స్కానింగ్ గడ్డలు, రక్తస్రావం వంటివి లేవని తేల్చుకోవడానికి. అది బాగుందంటే నొప్పి లేదని అర్థం కాదు. మైగ్రేన్‌ను ఇప్పటికీ రోగి చెప్పే లక్షణాలను బట్టే నిర్ధారిస్తారు.

రక్తంలోని ఆక్సిజన్ మార్పులను చూసే ఫంక్షనల్ ఎంఆర్‌ఐ ఈ రంగంలో చాలా చూపింది. కొందరికి నొప్పికి ముందు కళ్లముందు మెరుపు గీతలు కనిపిస్తాయి, దాన్ని ఆరా అంటారు. ఆ సమయంలో మెదడు పైపొర మీద నిమిషానికి మూడు నాలుగు మిల్లీమీటర్ల వేగంతో ఒక అల పాకడాన్ని 2001లో చూడగలిగారు. 2016లో వెలువడిన మరో అధ్యయనంలో ఒకే రోగికి ముప్పై రోజులు వరుసగా స్కానింగ్ చేశారు. నొప్పి మొదలయ్యే ముందురోజే మెదడు లోతుల్లో ఉండే హైపోథాలమస్ అనే భాగం పనితీరు మారినట్లు తేలింది. అంత ఓపికగా చేసిన పని నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. డిఫ్యూజన్ ఎంఆర్‌ఐ నీటి అణువుల కదలికను బట్టి నరాల తంతువుల అల్లికను చూపుతుంది. ఆసుపత్రుల్లో సాధారణంగా ఉండేవి 1.5 లేదా 3 టెస్లా (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) యంత్రాలు. 7 టెస్లా అయితే సన్నని రక్తనాళాల చుట్టూ ఉండే ఖాళీలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

చిక్కల్లా ఒకటే. దొరికిన తేడాల్లో ఎక్కువ భాగం రోగుల బృందానికీ ఆరోగ్యవంతుల బృందానికీ మధ్య కనిపించే సగటు తేడాలు. ఒక్క మనిషి స్కాన్ చూసి ‘ఇది మైగ్రేన్’ అని చెప్పే స్థాయి ఇంకా రాలేదు. ఆ మార్పులు జబ్బుకు కారణమో, ఫలితమో కూడా చాలా సందర్భాల్లో తేలలేదు. మీరు చేయగల పని సరిగ్గా అక్కడే ఉంది. సంకేతాన్ని రొద నుంచి వేరు చేయడం, తల కదిలినప్పుడు వచ్చే దోషాలను సరిదిద్దడం ఫిజిక్స్, గణాంకాలు తెలిసినవారి పని. సంకేతాన్ని పౌనఃపున్యాలుగా విడగొట్టే గణిత పద్ధతి, మీరు చదివే ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ లేకుండా ఎంఆర్‌ఐలో బొమ్మే తయారుకాదు.

పీజీకి మెడికల్ ఫిజిక్స్ గానీ బయోమెడికల్ ఇంజినీరింగ్ గానీ ఎంచుకోండి. ఈలోగా పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే మెదడు స్కాన్‌లతో సాధన మొదలుపెట్టండి. పీహెచ్‌డీకి ప్రయోగశాలను ఎంచుకునేటప్పుడు వాళ్ల పరిశోధనా పత్రాల్లో రెండు విషయాలు వెతకండి: ఎంతమందిని పరీక్షించారు, నొప్పి ఉన్నప్పుడా లేనప్పుడా. రెండోది రాయని చోట చేరవద్దు.